లైను ఆపి తెరిచాక మూడిళ్ల కుళాయిల్లో నురగ: మీటరుకో ఎన్నార్వీ (నీళ్లను వెనక్కి రానివ్వని వాల్వు) పెడితే సరిపోతుందా?

పంపుహౌస్ ఆపరేటర్:

అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న తాగునీటి పథకంలో ఆపరేటర్‌ని. 410 కనెక్షన్లు, ఒకటే ఓవర్‌హెడ్ ట్యాంకు. అక్కడి నుంచి నీళ్లు వాలుకే వెళ్తాయి. మెయిన్‌లో ప్రెషర్ ఒకటిన్నర బార్ దాకా ఉంటుంది.

పోయిన మంగళవారం పల్లం వైపు 150 ఎం.ఎం. మెయిన్ జాయింటు ఊడిపోయింది. వెంటనే వాల్వు కట్టేశాం. గుంట తవ్వి, జాయింటు మార్చి, నాలుగు గంటల తర్వాత నీళ్లు వదిలాం. ఆ సాయంత్రం మిట్ట మీదికి వెళ్లే బ్రాంచి లైనులో మూడిళ్ల నుంచి ఫోన్లు వచ్చాయి. నీళ్లు నురగ వస్తున్నాయి, సబ్బు వాసన వేస్తోంది అన్నారు. వెళ్లి క్లోరిన్ చూస్తే ఆ మూడిళ్లలో సున్నా. మిగతా అన్ని చోట్లా లీటరుకు 0.4 మిల్లీగ్రాములు ఉంది. అరగంట సేపు నీళ్లు బయటికి వదిలేశాం. మర్నాటికి నురగ పోయింది.

ఆ బ్రాంచి చివర ఒక లాండ్రీ ఉంది. మూడిళ్లూ లాండ్రీకి, మెయిన్‌కి మధ్యలోనే ఉన్నాయి. లాండ్రీ ఆయన్ని అడిగితే "మాకు ఎన్నార్వీ ఉందండీ, మా నీళ్లు బయటికి రావు" అన్నారు. ఒక ఇంటావిడ చెప్పిన మాట మాత్రం నా బుర్రలోంచి పోవట్లేదు. నీళ్లు ఆగిన కాసేపటికి కుళాయి తిప్పితే సుయ్‌మని చప్పుడైందట. కింద చెయ్యి పెట్టి చూస్తే అరచేతిని లోపలికి లాగిందట.

ఆ ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలున్నారు. ఆ నీళ్లే తాగారు. దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పై అధికారి ప్రతి మీటరు దగ్గరా ఒక ఎన్నార్వీ బిగించేద్దాం, గొడవ వదిలిపోతుంది అంటున్నారు. అది సరిపోతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వాల్వు టెస్టర్:

అయ్యా, ముందుగా ఒక మాట. ఆ ఇంటావిడ చెప్పింది అక్షరాలా నిజం. మీ లైను ఆ నాలుగు గంటలూ వెనక్కి పీల్చింది. నేను 19 ఏళ్లుగా బ్యాక్‌ఫ్లో పరికరాలు, అంటే నీళ్లు వెనక్కి రాకుండా ఆపేవి, టెస్ట్ చేస్తున్నాను, అంతకుముందు ప్లంబర్‌ని. ఇంత స్పష్టంగా చూసి చెప్పిన వినియోగదారు దొరకడం అరుదు. ఆవిడ మాటని రిజిస్టర్‌లో తేదీ, టైముతో రాసి పెట్టుకోండి.

ఏం జరిగిందంటే, పల్లంలో మెయిన్ తెరుచుకునేసరికి మిట్ట మీద పైపులో ఉన్న నీళ్లన్నీ ఆ కంతలోకి జారాయి. నీళ్లు జారితే వెనకాల ఖాళీ ఏర్పడుతుంది. గాలి దూరే సందు లేకపోతే ఆ ఖాళీ దేన్నైనా లాక్కుంటుంది. పది మీటర్ల ఎత్తు తేడా ఉంటే ఒక బార్ లాగుడు. మీ లాండ్రీ, జాయింటు ఊడిన చోటు కంటే ఆరు మీటర్లు ఎత్తులో ఉందనుకుంటే, 0.6 బార్ దాకా లాగే అవకాశం ఉంది. టబ్బులో మునిగి ఉన్న గొట్టం ఒక్కటి దొరికితే చాలు, టబ్బు టబ్బంతా లైనులోకి వచ్చేస్తుంది. అలా లైనులోకి వచ్చినవి ఆ మూడిళ్లకు పైపు చీలే టీ జాయింట్ల ముందు నుంచే మెయిన్ వైపు జారాయి. మీరు మళ్లీ నీళ్లు వదలగానే వెనక్కి తిరిగి ఇళ్లలోకి దూరాయి. క్లోరిన్ సున్నా రావడం కూడా దానికి సరిపోతుంది. మురికి ఎక్కువైతే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది.

ఎన్నార్వీ సంగతికొస్తాను. ఒకసారి ఒక వర్క్‌షాప్ లైనులో ఆరేళ్ల కిందట బిగించిన ఎన్నార్వీని విప్పాను. బయటి నుంచి చూస్తే కొత్త దానిలా మెరుస్తోంది. లోపల ఫ్లాప్ (వెనక్కి వచ్చే నీళ్లకు మూసుకునే రెక్క) కింద జాయింటుకి చుట్టే జనపనార పోగు ఒకటి, రెండు సెంటీమీటర్లు ఉంటుంది, దానికి అతుక్కుని ఒక తుప్పు పెచ్చు. ఫ్లాప్‌కీ సీటుకీ మధ్య నా గోరు దూరేంత సందు. అది ఎన్ని రోజులుగా అలా ఉందో ఎవరికీ తెలియదు. తెలిసే మార్గమే లేదు, ఎందుకంటే మామూలు ఎన్నార్వీకి టెస్ట్ కుళాయిలు ఉండవు. లైను కోసి విప్పితే తప్ప అది పనిచేస్తోందో లేదో చెప్పలేం. అందుకే నేను ఎన్నార్వీని మోటారు కాపాడుకోవడానికి పెట్టమంటాను గానీ, తాగే నీళ్లకు కాపలాగా ఒప్పుకోను.

కాపలా అంటే పరీక్షకు నిలబడాలి. డబుల్ చెక్ అనే పరికరంలో స్ప్రింగులున్న రెండు చెక్ వాల్వులు వరసగా ఉంటాయి, అటూ ఇటూ షటాఫ్ వాల్వులు, మీద నాలుగు చిన్న టెస్ట్ కుళాయిలు. గేజి తగిలించి ఒక్కో చెక్కూ కనీసం 1 పీఎస్ఐ నిలబెడుతోందా అని చూస్తాం. 1 పీఎస్ఐ అంటే సుమారు 70 సెంటీమీటర్ల నీటి ఎత్తు, అంతే. ఆ కాస్త కూడా నిలబెట్టలేని పరికరాలు నాకు ఏటా తగులుతూనే ఉంటాయి. రంగు, వాసన మారడం లాంటి చిన్న ముప్పు ఉన్నచోటికి ఇది చాలు.

రసాయనాలు, మురుగు, రోగుల నుంచి వచ్చే ద్రవాలు ఉన్నచోట ఆర్పీజడ్ (రిడ్యూస్డ్ ప్రెషర్ జోన్ పరికరం) కావాలి. రెండు చెక్కుల మధ్య ఒక గది, ఆ గదికి కింద ఒక రిలీఫ్ వాల్వు. గదిలో ప్రెషర్ ఎప్పుడూ మెయిన్ కన్నా తక్కువే ఉండేలా కట్టారు. ఆ తేడా తగ్గుతూ 2 పీఎస్ఐ దగ్గరికి రాకముందే రిలీఫ్ తెరుచుకుని నీళ్లను నేల మీదకి వదిలేస్తుంది. అంటే చెక్కులు రెండూ చెడిపోయినా, చెడ్డ నీళ్లు మెయిన్‌లోకి కాకుండా నేల మీదకి పోతాయి. అందుకే దాన్ని గుంటలో పెట్టకూడదు. నేల నుంచి 30 సెంటీమీటర్లన్నా ఎత్తులో ఉండాలి, కింద డ్రైన్ ఉండాలి. రిలీఫ్ కారుతోందని దానికి మూత బిగించిన చోట్లు రెండు నా కళ్లతో చూశాను. రెండు చోట్లా అక్కడే నిలబడి ఆ మూత తీయించాను. అది కారుతోందంటే లోపల చెక్ చెడిందని మనకు చెబుతోంది. రిపేరు చెయ్యాల్సింది చెక్‌ని.

వీటన్నింటి కన్నా గట్టిది ఎయిర్ గ్యాప్. స్ప్రింగు లేదు, రబ్బరు లేదు, చెడేది ఏదీ లేదు. ట్యాంకులోకి నీళ్లు పడే పైపు మూతికీ, ట్యాంకు పొర్లే అంచుకీ మధ్య పైపు వ్యాసానికి రెట్టింపు ఖాళీ ఉండాలి, ఎంత సన్న పైపైనా 25 ఎం.ఎం.కి తగ్గకూడదు. 25 ఎం.ఎం. పైపైతే 50 ఎం.ఎం. కొలత అంచు నుంచే తీసుకోవాలి, రోజూ నీళ్లు ఉండే మట్టం నుంచి కాదు. ఫ్లోటు ఇరుక్కున్న రోజున నీళ్లు అంచు దాకా వస్తాయి కదా.

లాండ్రీకి వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లండి. ఇంకొకటి, పైపు మూతికి గొట్టం ముక్క తొడిగి ఉందేమో చూడండి. నీళ్లు చిమ్ముతున్నాయని పనివాళ్లు తొడుగుతారు. ఎయిర్ గ్యాప్ ప్రాణం తీసేది ఆ ముక్కే.

ల్యాబ్ టెక్నీషియన్:

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నీళ్ల వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. నురగ పోయింది అంటే కలిసినవన్నీ పోయాయని కాదండీ. ఆ మూడిళ్ల నుంచీ, బ్రాంచి చివరి నుంచీ శాంపిళ్లు తీసి ఈ-కోలై (మలం కలిసిందని చెప్పే బాక్టీరియా) పరీక్ష చేయించండి. కుళాయి దగ్గర క్లోరిన్ 0.2కి తగ్గకుండా నిలబడేదాకా రోజూ చూడండి. ఇలాంటప్పుడు జనానికి "మరిగించి తాగండి" అని చెప్పేస్తుంటారు. క్రిములకైతే అది మంచి సలహానే. సబ్బు, రసాయనం కలిస్తే మాత్రం మరిగించినా పోదు, నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. ఏం కలిసిందో తేలేదాకా "తాగొద్దు, వండొద్దు" అనే చెప్పాలి, వేరే నీళ్లు ఇవ్వాలి.

రెండోది, మీ సొంత ఆవరణ కూడా చూసుకోండి. 2007 నవంబరులో ఫిన్లాండ్‌లోని నోకియా పట్టణంలో మురుగు శుద్ధి కేంద్రం లోపలే తాగునీటి లైనుకీ, శుద్ధి చేసి వదిలే మురుగునీటి లైనుకీ మధ్య ఒక కనెక్షన్ ఉండేది. రెంటికీ మధ్య ఒక వాల్వు. పని జరుగుతున్నప్పుడు అది తెరుచుకుంది. సుమారు 450 ఘనపు మీటర్ల నీళ్లు తాగునీటిలో కలిశాయి. 8,000 మందికి పైగా జబ్బుపడ్డారు. అది ఏ ప్రైవేటు ఫ్యాక్టరీలోనో జరిగింది కాదు. మీ క్లోరిన్ ద్రావణం కలిపే డ్రమ్ములో నీళ్ల గొట్టం మునిగి ఉందా? చాలా పంపుహౌసుల్లో ఉంటుంది, నేను చూసినవాటిలోనే ఎన్నో.

మెయింటెనెన్స్ సూపర్‌వైజర్:

నమస్తే అన్నా. లాగుడు గురించి బాగా చెప్పారు, నెట్టుడు కూడా ఉంటుంది. మేం చూసుకునే భవనం మీద ట్యాంకు 22 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే కిందికి 2.2 బార్. వీధి మెయిన్‌లో ఒకటిన్నర. ఆ రెంటి మధ్య ఒక బైపాస్ వాల్వు ఉండేది, కరెంటు లేనప్పుడు వాడుకుందామని పాత ప్లంబర్ పెట్టాడు. ఎవరో అది పూర్తిగా కట్టలేదు. వీధి మీటరు వెనక్కి తిరుగుతోందని రీడింగ్ తీసేవాడు చెబితే గానీ మాకు తెలియలేదు. మెయిన్ పగలాల్సిన పని లేదు, మామూలు రోజే మా ట్యాంకు నీళ్లు వీధిలోకి పోతున్నాయి.

ఇంకా సొంత బోరు ఉన్న ఇళ్లు చూడండి. బోరు పైపు, వీధి పైపు ఒకే లైనులో కలిపి మధ్యలో వాల్వు పెట్టుకుంటారు. అది వాల్వు కాదు, తలుపు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తెరుస్తారు. మేం ఆ బైపాస్‌ని కోసేసి రెండు వైపులా ఎండ్ క్యాపులు బిగించాం. రెండూ కావాలంటే ఒకటే ముక్క పైపు పెట్టి, దేనికి తగిలిస్తే అదే వచ్చేలా చేసుకోవాలి. అప్పుడు రెండూ ఒకేసారి కలిసే వీలే ఉండదు.

పంపుహౌస్ ఆపరేటర్:

అందరికీ చేతులెత్తి దండం. నిన్నా ఇవాళా బ్రాంచి మొత్తం నడిచాను.

లాండ్రీలో సబ్బు నీళ్లు కలిపే ట్యాంకు ఉంది. దానిలో పడే పైపు 25 ఎం.ఎం., అంచుకి పైన 60 ఎం.ఎం. ఖాళీ ఉంది. అంటే కట్టినప్పుడు సరిగ్గానే కట్టారు. టెస్టర్ గారు చెప్పినట్టే మూతికి ఆకుపచ్చ గొట్టం ముక్క తొడిగి ఉంది. దాని కొస ట్యాంకు అడుగున ఉంది. పనబ్బాయిని అడిగితే "నీళ్లు చిమ్మి బట్టలు తడుస్తున్నాయి సార్" అన్నాడు. ఎన్నార్వీ విప్పించాం. ఫ్లాప్ చుట్టూ బట్టల నూగు ఫెల్టులా పేరుకుపోయి ఉంది. లాండ్రీ ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. గొట్టం అక్కడే పీకి పారేశారు. చిమ్మకుండా ట్యాంకు లోపల రేకు పలక ఒకటి అడ్డు పెట్టుకుంటామన్నారు.

శాంపిళ్లు పంపాను. ఈ-కోలై లేదని వచ్చింది. మా క్లోరిన్ డ్రమ్ములోనూ గొట్టం మునిగే ఉంది. చాలా బాధేసింది. ఇవాళ మధ్యాహ్నం పైకి లేపి క్లాంపు వేశాను.

మొక్కల నర్సరీలో పురుగుమందు కలిపే డ్రమ్ములో హోస్ పైపు వేలాడుతోంది. దంత వైద్యశాల ఒకటి ఉంది. ముందు ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో సంగతి, డబుల్ చెక్ పెట్టుకున్న ఒక ఇంట్లో ఆ తర్వాత నుంచి గీజరు సేఫ్టీ వాల్వు కారుతోందట, పరికరం తీసేస్తామంటున్నారు. ఏం చెప్పాలి?

వాల్వు టెస్టర్:

మీరు రెండు రోజుల్లో చేసిన పని చాలామంది రెండేళ్లలో చెయ్యరు. క్లోరిన్ డ్రమ్ము గురించి బాధపడకండి, ఇవాళ లేపారు కదా.

ముందు నర్సరీకి వెళ్లండి. రేపటిదాకా ఆగొద్దు. పురుగుమందు డ్రమ్ములో మునిగిన గొట్టం కన్నా పెద్ద ముప్పు మీ లైను మీద ఇప్పుడు ఏదీ లేదు. వెళ్లగానే గొట్టం బయటికి తీయించండి. కుళాయి మూతికి హోస్ వాక్యూమ్ బ్రేకర్ బిగించండి, అరచేతిలో పట్టే ఇత్తడి ముక్క. లాగుడు మొదలైతే అది గాలిని లోపలికి వదిలి ఆ లాగుడుని తెంపేస్తుంది. అయితే అది నెట్టుడుని ఆపదు, గొట్టం చివర మూసే నాజిల్ పెట్టి రోజంతా ప్రెషర్‌లో ఉంచితే చెడిపోతుంది. కాబట్టి ఇది తాత్కాలికమే. మందు కలపడానికి వేరే ట్యాంకు, దానికి ఎయిర్ గ్యాప్, అక్కడి నుంచి చిన్న మోటారు. మీటరు దగ్గర ఆర్పీజడ్. దంత వైద్యశాలకూ ఆర్పీజడ్ లేదా ఎయిర్ గ్యాప్ ట్యాంకే. లాండ్రీకి లోపల గ్యాప్ ఉన్నా మీటరు దగ్గర కూడా ఆర్పీజడ్ ఉండాలి. లోపల రేపు ఎవరు ఏ గొట్టం తొడుగుతారో మీకు తెలియదు, మీటరు దాకానే మీ చెయ్యి. 410 కనెక్షన్లకూ తలో ఎన్నార్వీ కొనే డబ్బుని ఈ ముప్పున్న చోట్ల పెట్టమని మీ పై అధికారికి చెప్పండి. తర్వాత ఏటా ఒకసారి టెస్టు, తేదీ వేసిన ట్యాగు.

గీజరు విషయం: పరికరం తప్పు కాదు. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. ఇంతకాలం ఆ ఉబ్బు మీటరు గుండా వీధిలోకి పోయేది, ఇప్పుడు దారి మూసుకుపోయింది. గీజరుకి వెళ్లే చల్లనీళ్ల పైపు మీద చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు పెట్టించండి. కారడం ఆగుతుంది. సేఫ్టీ వాల్వుకి మాత్రం ఎవరూ మూత బిగించకుండా చూడండి, గీజరు పేలే ప్రమాదం ఉంది.

ఇంకో మాట, ఇది మీ చేతిలోనే ఉన్నది. ఈసారి మెయిన్ పగిలితే వెంటనే వాల్వు పూర్తిగా కట్టెయ్యకండి. వీలైనంతవరకు కొంచెం తెరిచి, పైపులో నీళ్లు బయటికి చిమ్ముతూ ఉండేలా ఉంచండి. గుంట తవ్వి, నీళ్లు తోడి, గుంటలో నీటి మట్టం పైపు కిందికి దిగాక అప్పుడు కట్టండి. ప్రెషర్ ఉన్నంతసేపు బురద లోపలికి రాదు. మిట్ట మీద ఎయిర్ వాల్వు (లైనులోకి గాలిని తీసుకునే, బయటికి వదిలే వాల్వు) ఉందేమో చూడండి. ఉంటే దాని గది మూత తెరిచి చూడండి. వాన నీళ్లు నిండి ఉంటే, లైను లాగినప్పుడు గాలి బదులు ఆ నీళ్లే లోపలికి పోతాయి.

1969లో అమెరికాలో హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి ఇలాగే జరిగింది. ప్రాక్టీసు మైదానంలో స్ప్రింక్లర్ కుళాయిలు నేలలోకి దిగిన పెట్టెల్లో ఉండేవి. ఆ పెట్టెల్లో నీళ్లు నిలిచేవి. దగ్గర్లో ఎక్కడో మంటలు లేచి, ఫైర్ ఇంజిన్లు మెయిన్ నుంచి నీళ్లు గుంజాయి. ప్రెషర్ పడిపోయింది, పెట్టెల్లోని నీళ్లు లైనులోకి వెళ్లాయి. ఆ కుళాయి నీళ్లు తాగిన ఆటగాళ్లు, కోచ్‌లు కలిపి 97 మందిలో 90 మందికి కామెర్ల వైరస్ సోకింది. రెండు ఆటలకే సీజను ఆపేశారు. అక్కడ గొట్టం లేదు, డ్రమ్ము లేదు, నీళ్లు నిలిచిన పెట్టెలు అంతే.

పంపుహౌస్ ఆపరేటర్:

నర్సరీ నుంచే రాస్తున్నాను. గొట్టం తీయించాను. వాక్యూమ్ బ్రేకర్ బిగించాం. మెయిన్ ఆగినప్పుడు లాగుతుందో లేదో చూద్దామని వాళ్ల వాల్వు కట్టి, పల్లంలో ఒక కుళాయి తెరిచాను. బ్రేకర్ దగ్గర చెవి పెడితే సుయ్‌మని గాలి లోపలికి వెళ్లడం వినిపించింది. ఆవిడ చెప్పిన చప్పుడు ఇదే.

మిట్ట మీద ఎయిర్ వాల్వు గది మూత కూడా తెరిచాను. మోకాలి లోతు నీళ్లున్నాయి, వాల్వు మునిగిపోయి ఉంది. రేపు పొద్దున తోడించి, గదిని నేల కన్నా ఎత్తుకి కట్టిస్తున్నాను. వాల్వుకి మార్చాల్సింది ఏదైనా ఉందా, శుభ్రం చేస్తే చాలా?

వాల్వు టెస్టర్:

తోడాక వాల్వు విప్పి లోపలి బంతి చూడండి. గీతలు పడినా, మచ్చ పట్టినా మార్చండి. గాలి మూతికి మెడలాంటి వంపు పైపు తగిలించి, కొస కిందికి తిప్పి, జాలీ కట్టండి. ఆ కొస ఎంత వాన పడినా నీళ్లు అందని ఎత్తులో ఉండాలి. గదికి డ్రైన్ లేకుండా గోడలు మాత్రం లేపకండి, మళ్లీ నిండుతుంది. లైనులోకి అప్పుడే కొంచెం పోయి ఉండొచ్చు కాబట్టి, వాల్వు తిరిగి బిగించాక బ్రాంచి చివర నీళ్లు వదిలి క్లోరిన్ చూసి, ఇంకో శాంపిల్ పంపండి. రీడింగు వచ్చాక ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.